ఇద్దరు పట్టిన స్టీరింగు

బాలాత్రిపురసుందరి అని పూర్తిగా పిలిచేలోపు కొండాపూర్ స్టాపులో బస్సు వచ్చి వెళ్లిపోయేది కూడా. అందుకే ఖైరతాబాద్ టెలిఫోన్ ఆఫీసులో ఆమెను అందరూ సుందరమ్మ అనేవాళ్లు. పుట్టింట్లో బాల. కట్టుకున్నాయన మాత్రం ఈ మూడింటిలో ఏదీ వాడకుండానే ఇన్నేళ్ల కాపురం నెట్టుకొచ్చారు. "ఇదిగో" అంటే ఆమె, "ఏమండీ" అంటే ఆయన. అంతటితో సరిపోయేది.

ఆయన పేరు వెంకటనారాయణ. ఎర్రమంజిల్‌లో ఇంజనీర్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలవలకూ తూములకూ పటాలు గీయడం ఆయన పని. గీసిన గీత చెరపాల్సి వస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. మనిషి చెడ్డవాడని ఎవరైనా అంటే కళ్లు పోతాయి. తాగుడు లేదు, అరుపులు లేవు, జీతం తెచ్చి దేవుడి గూట్లో పెట్టే రకం. ఉన్నదల్లా ఒకటే జబ్బు, ఎవరినీ ఏదీ అడగరు. కూరలో ఉప్పు తక్కువైతే లేచి వెళ్లి తెచ్చుకుంటారు. జ్వరం వస్తే చెప్పరు, నుదురు ముట్టుకుని మనమే కనిపెట్టాలి.

"అదృష్టవంతురాలివి, నీ మొగుడితో ఏ పేచీ లేదు" అనేవాళ్లు టెలిఫోన్ ఆఫీసులో ఆడవాళ్లు. సుందరమ్మ నవ్వి ఊరుకునేది. ఏమీ అడగని మనిషి పక్కన ఏళ్ల తరబడి కూర్చోవడంలో ఎంత వెలితి ఉంటుందో వాళ్లకేం తెలుసు? వంట, ఉద్యోగం, కూతురి చదువు అన్నీ చక్కబెట్టింది. కానీ నువ్వు లేకపోతే నాకు ఈ పని కాదు అన్న అర్థం వచ్చే మాట ఒక్కటి ఆయన నోట వినాలని ఆమెకు ఉండేది. అది నోరు తెరిచి అడిగితే వచ్చేది కాదు, అడిగితే విలువా ఉండదు.

వాళ్లకో మారుతి ఎనిమిది వందల కారు ఉండేది. మీగడ రంగుది. ఆఫీసులో ఒకాయన దగ్గర పాతది కొన్నారు. ఇప్పుడు చిటికెన వేలితో చక్రం తిప్పే పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో చిన్న కార్లకు పవర్ స్టీరింగు ఎక్కడిది? బండి పరుగులో ఉంటే చక్రం మాట వినేది. నిలబడ్డ బండిని మలుపు తిప్పాలంటే మాత్రం రుబ్బురోట్లో పొత్రం తిప్పినట్టే, రెండు భుజాలూ పనిచేయాల్సిందే. తెలిసినవాళ్లు బండిని కాస్త దొర్లనిచ్చి, ఆ కదలిక మీద తిప్పుతారు. వెంకటనారాయణగారు ఆ కిటుకులో ఆరితేరిన మనిషి. ఇరుకు సందులోకి ఉన్న గేటులోంచి వెనక్కి తీసి, అటు గోడా ఇటు కరెంటు స్తంభమూ తగలకుండా బయటపడేవారు. సుందరమ్మ ఎడమవైపు సీట్లో హ్యాండ్‌బ్యాగు, రెండు క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కొత్తగూడ, మాదాపూర్, జూబ్లీహిల్స్ మీదుగా ఆయన ఆఫీసు దాకా ఒక్క మాట ఉండేది కాదు. కిటికీలోంచి చూస్తే ఒకవైపు కొత్తగా లేచిన హైటెక్ సిటీ అద్దాల మేడ, మరోవైపు ఇంకా పేల్చని బండరాళ్లు. రోడ్డు నిండా టిప్పర్లు.

ఆ ఏడు చలికాలంలో ఆయన చొక్కా తొడుక్కునే తీరు మారింది. ఎప్పుడూ కుడి చెయ్యి ముందు దూర్చే మనిషి ఎడమ చెయ్యి ముందు దూర్చుకుంటున్నారు, అదీ పళ్లు బిగబట్టి. సుందరమ్మ చూసింది. ఒక రోజు స్నానాల గది తలుపు ఓరగా ఉంటే లోపల ఆయన గోడకు ఎదురుగా నిలబడి, ఎడమ చేతి వేళ్లను సాలీడులా గోడ మీద పైకి పాకిస్తున్నారు. గడ్డం దాకా వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లారు?" అంది ఆ సాయంత్రం.

"షుగర్ ఉన్నవాళ్లకు భుజం ఇలా బిగుసుకుంటుందట. తగ్గడానికి ఏడాది పట్టొచ్చన్నాడు. కంగారేం లేదు."

"కొన్నాళ్లు బస్సులో వెళ్దామా?"

"ఏం, బండికేమొచ్చింది?"

బండికి ఏమీ రాలేదు. గేరు కిందే ఉంటుంది కాబట్టి ఆ చెయ్యి అక్కడిదాకా పోయేది. పైకెత్తి చక్రం పట్టుకోవడమే కుదిరేది కాదు. తిన్నని రోడ్డు మీద ఒంటి చేత్తో నెట్టుకొచ్చేవారు. మలుపు వచ్చిందంటే చాలు, నుదుటి మీద చెమట. పక్కన కూర్చున్న సుందరమ్మ పిడికిళ్లు బిగుసుకునేవి. చెయ్యి చాపాలనిపించేది. అడగని మనిషికి సాయం చేస్తే అది ఆయనకు చెంపదెబ్బలా తగులుతుందని ఊరుకునేది.

అలా ఊరుకోగా ఊరుకోగా ఒక పొద్దున అద్దాల మేడ దాటాక రోడ్డు తవ్వేసి ఉంది. వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ఆయన బండిని సగం తిప్పారు. ఎదురుగా కంకర గుట్ట, బండి ఆగిపోయింది. దొర్లనివ్వడానికి జాగా లేదు. ఒంటి చేతికి చక్రం లొంగలేదు. పక్కనుంచి టిప్పర్ వాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఆయన మెడనరాలు ఉబ్బాయి. ఇటు తిరగలేదు, రోడ్డు వైపే చూస్తూ ఒకే ఒక్క మాట అన్నారు.

"పట్టు."

బరువైన బీరువా జరిపేటప్పుడు పక్కనున్న మనిషిని అడిగినట్టు. క్యారియర్లు ఒళ్లోంచి జారి కింద పడ్డాయి. సుందరమ్మ ఒంగి, కుడి చేత్తో చక్రం ఎడమ అంచు పట్టుకుని బలమంతా పెట్టి పైకి నెట్టింది. అటు నుంచి ఆయన లాగారు. చక్రం మూలిగి తిరిగింది. టిప్పర్ వెళ్లిపోయింది. ఇద్దరూ ముందుకే చూస్తూ ఆఫీసులకు వెళ్లారు. సాంబారు ఒలికి ఆమె చీర కుచ్చిళ్లు పాడయ్యాయి. ఆ రోజంతా టెలిఫోన్ బిల్లుల కౌంటర్లో ఆమె ముఖం వెలిగిపోతుంటే, ఏమిటీ విశేషం అని అడిగినవాళ్లకు చెప్పడానికి మాత్రం ఆమె దగ్గర ఏమీ లేదు.

ఆ తర్వాత అది వాళ్ల పద్ధతైపోయింది. కుడివైపు తిరగాలంటే ఆమె ఎడమ అంచును కిందినుంచి పైకి నెట్టాలి. ఎడమవైపుకైతే పైనుంచి కిందికి లాగాలి. ఎంత తిప్పాలో ఆయన చెప్పేవారు కాదు, ఆయన చేతి ఊపును బట్టి ఆమెకే తెలిసేది. ఎండాకాలం వచ్చి చెమటకు చెయ్యి జారుతోందని పాత నేత చీర అంచు చింపి, చక్రానికి తన వైపు గట్టిగా చుట్టి కుట్టింది. ఆయన చూసి ఏమీ అనలేదు. కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుంది. మలుపుకు ముందు "పట్టు" అనేవారు. ఆ మాట కోసం ఆమె కొత్తగూడ నుంచే ఎదురుచూసేది. చూసేవాళ్లకు ఇది పిచ్చి అనిపించొచ్చు. అనిపించనివ్వండి, ముప్ఫై ఏళ్ల దాహం ఆమెది.

ఈ గుట్టు మొదట కనిపెట్టింది ఈరమ్మ. వాళ్ల ఇంటికి ఎదురుగా సగం లేచిన మేడలో మొగుడు యాదయ్యతో కాపలా ఉంటూ, పగలు మేస్త్రీ దగ్గర కూలికి పోయేది. ఒక పొద్దున బండి గేటులోంచి వెనక్కి వస్తుంటే ఇటుకలు దించి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. సాయంత్రం సుందరమ్మ దొరకగానే పట్టుకుంది.

"ఏంది అమ్మా, ఇద్దరు గూడి గా చక్రం తిప్పుతుండ్రు? సారుకు చెయ్యి సక్కగ లేదా?"

"మెల్లగా మాట్లాడు ఈరమ్మా. మా అమ్మాయికి తెలిస్తే గొడవ చేస్తుంది."

"నేనెవ్వరికి చెప్తనమ్మా, ఫికర్ చెయ్యకు. గిందుల సిగ్గేముంది? మా ఆయన తట్ట లేపేటప్పుడు పట్టు అంటడు, నేను ఓ దిక్కు పడ్త. ఒక్కరితోని నెత్తికెక్కుతదా తట్ట?" అని నవ్వింది. "పట్టు అననోనికి ఎవలు పడ్తరు చెప్పు."

సుందరమ్మ ఆ మాట నెమరేసుకుంటూ ఇంట్లోకి వెళ్లింది.

వాళ్లమ్మాయి రసజ్ఞ ఆ అద్దాల మేడలోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. కంపెనీ బస్సులో వెళ్లి వచ్చేది. చిన్నప్పుడు నాన్న గీసిన పటాలకు రంగులు వేసిన పిల్ల, ఇప్పుడు ఇంట్లో ఏ నిర్ణయమైనా తన మీదే వేసుకుంటుంది. ఒక రోజు బస్సు కిటికీలోంచి కిందికి చూస్తే, పక్కనే మీగడ రంగు మారుతి, లోపల అమ్మా నాన్నా ఇద్దరూ చెరో చెయ్యి వేసి ఒకే చక్రంతో కుస్తీ పడుతున్నారు. ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, ఇద్దరు డ్రైవ్ చేసే కారు ఎక్కడైనా ఉంటుందా? యాక్సిడెంట్ అయితే? నాన్నా, మీకు షోల్డర్ అంత ప్రాబ్లం ఉంటే నాకెందుకు చెప్పలేదు?"

వెంకటనారాయణగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"పవర్ స్టీరింగుతో కొత్త కార్లు వచ్చాయి. మా టీమ్‌లో ఒకతను తీసుకున్నాడు, ఒక్క వేలితో తిరుగుతుంది. మనమూ తీసుకుందాం. లోను నేను చూసుకుంటాను. ఒంటి చేత్తో హాయిగా నడుపుకోవచ్చు, ఎవరి హెల్పూ అక్కర్లేదు."

ఎవరి హెల్పూ అక్కర్లేదన్న మాట దగ్గరే సుందరమ్మ ఆగిపోయింది. పిల్ల చెప్పినదాంట్లో తప్పేముంది? ఆ భుజం నొప్పికి ఆయన రాత్రుళ్లు ఎలా మూలుగుతారో తనకు తెలియదా? వద్దని ఏ నోటితో అంటుంది? ఆయన ఏదైనా అడ్డు చెబుతారేమో అని ఆశగా చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ, "సరే, నీ ఇష్టం" అన్నారు. ఆ సరే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అయితే ఇన్నాళ్లూ పట్టు అన్నది గతిలేకేనన్నమాట అనుకుంది. వంటింట్లోకి వెళ్లి, తరిగిన ఉల్లిపాయలే మళ్లీ తరిగింది.

కొత్త కారు వచ్చింది. నీలం రంగు, ఎత్తు టోపీ పెట్టినట్టు పొడుగాటి కప్పు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఈరమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. వెంకటనారాయణగారు కుడి అరచెయ్యి చక్రం మీద ఆనించి తిప్పితే బండి ఇరుకు సందులోంచి నీళ్లలో చేపలా బయటపడింది.

"అగో, ఎంత సులువుగ తిరిగింది!" అంది ఈరమ్మ. సుందరమ్మ వైపు తిరిగి, "ఇగ నీకు పని లేదన్నట్టే కదమ్మా!" అని నవ్వింది. మంచి మనసుతోనే అంది పాపం. సుందరమ్మ కూడా నవ్వాల్సి వచ్చింది.

పాత మారుతిని తెల్లాపూర్ నుంచి ఒక రైతు వచ్చి కొనుక్కున్నాడు. అతను బండి తీసుకుపోతుంటే గేటు దగ్గర నిలబడి చూసింది సుందరమ్మ. చక్రానికి చుట్టిన చీర అంచు ఎర్రగా కనబడింది, మలుపు తిరిగింది, పోయింది. రాత్రి భోజనాల దగ్గర ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "ఆ గుడ్డముక్క విప్పాల్సింది" అన్నారు.

కొన్నవాడు చూసి నవ్వుతాడని నామోషీ కాబోలు అనుకుంది ఆమె.

కొత్త కారులో మళ్లీ పాత కాలం మొదలైంది. ఆయన ఒంటి చేత్తో నడిపేవారు. ఆమె హ్యాండ్‌బ్యాగు, క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అద్దాల మేడ దాటాక మలుపు దగ్గర ఆమె కుడి చెయ్యి తనంతట తనే ఒళ్లోంచి లేచి, సగంలో ఆగి, చీర కొంగు సర్దుకునేది. ఆ చేతికి ఏం చెప్పాలో తెలియక దాన్ని క్యారియర్ పిడి మీద పెట్టుకునేది. ఆయన ముఖంలో నొప్పి లేదు, చెమట లేదు. అందుకు సంతోషించింది, నిజంగానే సంతోషించింది. ఇంటికొచ్చి ఏ కారణమూ లేకుండా పాలవాడి మీద కేకలేసింది.

ఒక ఆదివారం నార్సింగిలో వెంకటనారాయణగారి ఆఫీసు స్నేహితుడు పార్థసారథి గృహప్రవేశం. రసజ్ఞకు పని ఉండి రాలేదు. పాలు పొంగించి, భోజనాలు చేసి ఇద్దరూ బయల్దేరారు. గచ్చిబౌలి దాటాక కొత్తగా వేసిన వెడల్పాటి రోడ్డు. సెలవు రోజు, ఎండ, రోడ్డు మీద పిట్ట లేదు. మాటల్లేని ప్రయాణం కదా, ఎవరి ఆలోచనల్లో వాళ్లుండి కొండాపూర్ వైపు తిరగాల్సిన చోటు దాటిపోయారు. వెనక్కి తిరగాలి. కాస్త ముందు డివైడర్‌కు సందు ఉంది. ఆయన వేగం తగ్గించి, చక్రం కుడివైపుకు తిప్పడం మొదలుపెట్టారు.

"పట్టు" అన్నారు.

ఆమెకు ఆలోచించే వ్యవధి లేదు. ఆ మాట చెవిన పడగానే చెయ్యి వెళ్లిపోయింది. పాత మారుతికి పెట్టే బలమంతా పెట్టి ఎడమ అంచును కిందినుంచి పైకి ఒక్క నెట్టు నెట్టింది. మూలిగే చక్రం కాదాయె అది, గిర్రున తిరిగిపోయింది. బండి ముక్కు అమాంతం కుడికి విరిగి, డివైడర్ అంచు ఎక్కి, మొక్కల కోసం పోసిన ఎర్రమట్టిలో దిగబడి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. పార్థసారథిగారి ఇంటి లడ్డూలు పొట్లం విడి కాళ్ల దగ్గర దొర్లాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. సుందరమ్మ చక్రం మీది చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎందుకన్నారు?" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఇన్నేళ్లలో ఆయనతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "ఎందుకన్నారండీ పట్టమని? ఒక్క వేలితో తిరిగే బండి కదా ఇది! నా అవసరం లేదు కదా!"

ఆయన ఎదురుగా ఎర్రమట్టిని చూస్తూ కూర్చున్నారు. అలవాటుగా వచ్చిందని చెబుతారనుకుంది. అలా చెబితే ఇంక ఈ కారు ఎప్పుడూ ఎక్కకూడదని, మళ్లీ బస్సుకే పోవాలని కూడా అనుకుంది.

"అవసరం లేకపోతే అడగకూడదా?" అన్నారు ఆయన.

సుందరమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఆ బండిలో నువ్వు నా పక్కన ఉండేదానివి" అన్నారు మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "ఈ బండిలో నువ్వెక్కడో కూర్చున్నట్టుంది. రోజూ ఆ మలుపు దగ్గర నీ చెయ్యి లేచి ఆగిపోవడం చూస్తూనే ఉన్నాను. ఏమని అడగాలో తెలియలేదు. అడగడం నాకు చేతకాదు, నీకు తెలుసుగా. ఆ గుడ్డముక్క అయినా విప్పి దాచుకోవాల్సింది."

ఆమెకు కళ్లు నిండిపోయాయి. కొంగుతో తుడుచుకోవడానికి కూడా మనసు రాలేదు. ముప్ఫై ఏళ్లుగా వినాలనుకున్న మాట ఇలా డివైడర్ మీద, లడ్డూల మధ్య, వంకరగా ఆగిన కారులో వినబడుతుందని ఏ జోస్యుడూ చెప్పలేదు. ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వితే భుజం కలుక్కుమని మళ్లీ ముఖం చిట్లించారు.

ఆయన బండిని వెనక్కి తీసి రోడ్డు మీదకు దించారు. కిందికి దిగి బంపరు చూశారు. మట్టి అంటింది, అంతే. జేబురుమాలుతో తుడిచి, ఇటు తిరిగి వచ్చి ఆమె వైపు తలుపు తీశారు.

"అటు వెళ్లి కూర్చో."

"ఎక్కడ? స్టీరింగు దగ్గరా? నాకు రాదండీ!"

"సగం వచ్చు. మిగతా సగం కాళ్లతో, అది నేను చెబుతాను."

"లైసెన్సు లేకుండా నడపకూడదు. మీరేనా ఈ మాట అంటున్నది?"

"ఎల్లుండి సెలవు పెట్టి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్లెల్లార్ తీసుకుందాం. ఇవాళ ఆ మలుపు వరకే. ఊళ్లో వాళ్లంతా భోంచేసి పడుకున్నారు."

గీత దాటని మనిషి ఆ మాట అన్నాక ఆమె ఇంక కాదనలేకపోయింది. దిగి, బండి చుట్టూ తిరిగి వెళ్లి, కుడివైపు సీట్లో కూర్చుంది. ఇన్నేళ్లూ పక్కనుంచి చూసిన చక్రం ఎదురుగా వచ్చేసరికి పెద్దదిగా కనిపించింది. క్లచ్చు వదలమంటే ఒక్కసారిగా వదిలింది, బండి గెంతి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఆయన విసుక్కోలేదు. దొర్లిన లడ్డూలు ఏరి పొట్లంలో వేసుకుని, ఆమె ఒళ్లో ఉండాల్సిన హ్యాండ్‌బ్యాగు తన ఒళ్లో పెట్టుకుని, "కంగారు లేదు, మెల్లగా" అన్నారు.

చివరికి బండి కదిలింది. నడిచే మనిషి దాటిపోయేటంత నెమ్మదిగా, తిన్నగా వెళ్లింది. ఆయన గేరు మార్చమంటే మార్చింది. ఎండలో రోడ్డు తళతళలాడుతోంది. డివైడర్‌కు రెండో సందు దగ్గరపడింది. ఇందాకటి కుదుపు గుర్తొచ్చి ఆమె రెండు చేతులూ చక్రం మీద బిగించింది. చక్రం కాస్త కదిపి చూసింది. ఎంత తేలిగ్గా ఉందంటే, ఒక్క చెయ్యి చాలు. నిజానికి ఒక్క వేలు చాలు.

"పట్టండి" అంది సుందరమ్మ, ముందుకే చూస్తూ.

ఆయన నొప్పి లేని తన కుడి చెయ్యి చాపి, చక్రం ఎడమ అంచు పట్టుకున్నారు.